పాత పికప్ బళ్లలో బ్రేకు ఫెయిల్యూరు: గోదావరి డెల్టా

హైడ్రాలిక్ బ్రేకులుండి ఏబీఎస్ లేని పాత పికప్ బళ్లలో, పెడల్ తొక్కినా బండి ఆగకపోతే లోపం ఎక్కడుందో కనిపెట్టే పద్ధతి ఈ వ్యాస విషయం. గోదావరి జిల్లాల్లో ఈ తరగతి బళ్లంటే ప్రధానంగా టాటా 207, మహీంద్రా బొలెరో పికప్. 2005లో వచ్చిన టాటా ఏస్ చిన్నదైనా ఈ కోవలోకే వస్తుంది. వీటికంటే ముందుతరానివైన జహీరాబాద్ ఆల్విన్ నిస్సాన్ బళ్లు ఇప్పుడు అరుదు. ఆ కర్మాగారం మహీంద్రా చేతికి వెళ్లిన సంవత్సరం కొన్నిచోట్ల 1988 అని, మరికొన్నిచోట్ల 1989 అని కనిపిస్తుంది.

ప్రాంత పరిస్థితులు

డెల్టా నేల చదును. కాలవ వంతెనలు, ఏటిగట్టు దిగుళ్లు తప్ప వాలన్నది లేదు. అందువల్ల బలం తగ్గిన బ్రేకుతో కూడా బండి చాలాకాలం తిరిగేస్తుంది. అదే బండి మారేడుమిల్లి–చింతూరు ఘాట్‌కు కిరాయికి వెళ్లినప్పుడు లోపం బయటపడుతుంది. 2020 అక్టోబరులో గోకవరం మండలం తంటికొండలో పెళ్లివారి వ్యాను కొండ మీద నుంచి పడిపోయింది. తొలి వార్తల్లో మృతులు ఐదుగురు, తర్వాతి వార్తల్లో ఏడుగురు. బ్రేకులు పనిచేయకపోవడమే కారణమని అప్పటి కథనాలు.

రెండో సంగతి ఉప్పు. భీమవరం, ఆకివీడు ప్రాంతాల్లో చేపలు, రొయ్యలు మోసే బళ్లలో ఐసు కరిగిన ఉప్పునీరు బాడీ సందుల్లోంచి ఛాసిస్ మీదికి కారుతుంది. వెనక ఇరుసు దాకా పోయే ఇనుప బ్రేకు పైపు పైకి బాగానే ఉంటుంది. క్లిప్పు విప్పి, కింద పేరుకున్న బురద గీకి, వైరు బ్రష్షుతో రుద్దితే అక్కడ పొక్కులు కనిపిస్తాయి. గట్టిగా తొక్కినప్పుడు చిట్లేది సాధారణంగా అక్కడే.

వరద సంగతి వేరు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటి లంకలు మునిగాయి. అలా నీట నానిన బండిలో డ్రమ్ములు తుప్పు పడతాయి, హ్యాండ్ బ్రేకు వేసి ఉంటే లైనర్లు డ్రమ్ముకి అతుక్కుంటాయి, ఆయిల్‌కి తేమ పడుతుంది. డాట్ 3 బ్రేకు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140. డాట్ 4కి ఈ అంకెలు 230, 155. ఘాట్ దిగుతూ ఆయిల్ మరిగితే పైపుల్లో ఆవిరి చేరి పెడల్ నేలకు అంటుకుంటుంది. చల్లారాక మామూలే. షెడ్డుకి తెచ్చేసరికి లోపం దొరకకపోవడానికి ఇదొక కారణం.

పెడల్‌ను బట్టి గుర్తింపు

పెడల్ మెత్తగా ఉండి, పంపు కొట్టినట్టు తొక్కితే పైకొస్తే లైన్లో గాలి ఉండాలి, లేదా వెనక షూల అడ్జస్ట్‌మెంట్ పోయి ఉండాలి. బయట లీకు లేకుండా, అదిమి పట్టుకున్న కాలు కింద పెడల్ నెమ్మదిగా దిగిపోతే మాస్టర్ సిలిండర్ లోపలి కప్పులు పోయాయని అనుమానించాలి. పెడల్ రాయిలా గట్టిపడితే బూస్టర్‌ను చూడాలి. ఇంజిన్ ఆపి నాలుగైదుసార్లు తొక్కి, పెడల్‌ను అదిమిపట్టి స్టార్ట్ చేయాలి. కొంచెం దిగితే బూస్టర్ బాగున్నట్టే. దిగకపోతే బూస్టర్ కంటే ముందు వాక్యూమ్ గొట్టం, వాక్యూమ్ పంపు చూడాలి. చాలా డీజిల్ బళ్లలో ఆ పంపు ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది.

పెడల్ దిగిందంటే చాలా షెడ్లలో ముందుగా మాస్టర్ సిలిండర్ కిట్ మార్చేస్తారు. లైనర్లు అరిగాయనేది పాత డ్రైవర్ల మాట. ఉప్పునీరు కారే ఈ బళ్ల విషయంలో వెనక చక్రాల నుంచి మొదలుపెట్టడమే మేలనిపిస్తుంది. డ్రమ్ము ఊడదీసి, వీల్ సిలిండర్ రబ్బరు బూటు అంచును స్క్రూడ్రైవర్‌తో కాస్త ఎత్తితే, లోపల తడి ఉంటే లీకు అక్కడే. లైనరు మీది జిడ్డుకు ఘాటైన హౌసింగ్ ఆయిల్ వాసనుంటే తప్పు యాక్సిల్ సీలుది, బ్రేకుది కాదు. వెనక అంతా పొడిగా ఉంటేనే మాస్టర్ సిలిండర్ దగ్గరికి రావాలి. దాని అవుట్‌లెట్లకు ప్లగ్గులు బిగించి తొక్కినప్పుడు పెడల్ గట్టిగా నిలబడితే సిలిండర్‌లో లోపం లేదు.

బ్రేకు వదిలాక కూడా ఒక ముందు చక్రం పట్టేసి వేడెక్కుతుంటే దాని గాలి తీసే నిప్పిల్ వదులు చేయాలి. ఆయిల్ చిమ్మి చక్రం తిరిగితే హోస్ లోపల పూడిందని, తిరగకపోతే క్యాలిపర్ పట్టేసిందని అర్థం.

రబ్బరు కప్పుల్ని డీజిల్‌తో గానీ పెట్రోలుతో గానీ కడగకూడదు, ఉబ్బిపోతాయి. ఆయిల్ డబ్బాలో ఇంజిన్ ఆయిల్ పడినా అంతే. అప్పుడు లైన్లన్నీ కడిగి రబ్బరు భాగాలన్నీ మార్చాల్సిందే.

కొన్ని మోడళ్లలో లోడును బట్టి వెనక ఒత్తిడిని మార్చే వాల్వు ఇరుసు పైన ఉంటుంది. దాని లీవరు ఖాళీ బండి స్థానంలో తుప్పుపట్టి బిగిసిపోతే, ఖాళీగా నడిపి చూసినప్పుడు తేడా తెలియదు. కొబ్బరికాయల లోడుతో వెళ్లినప్పుడు భారమంతా ముందు ప్యాడ్ల మీద పడుతుంది. ముందు ప్యాడ్లు త్వరగా అరిగి వెనక లైనర్లు కొత్తవాటిలా ఉన్న బండిలో ఆ లీవరును చేత్తో కదిలించి చూడాలి.