రావల్పిండి నుంచి రంగుతొట్టి దాకా

రసాయనాలు చర్మానికి చేసే హానిని పరీక్షించిన చరిత్ర రాసేవాళ్లు చాలామంది 1944 నుంచి మొదలుపెడతారు. అమెరికాలో జాన్ డ్రెయిజ్ కుందేళ్ల మీద రూపొందించిన పద్ధతి ఆ ఏడాదిదే. నాకది ఆలస్యమైన ఆరంభం అనిపిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్లు చర్మాన్ని బొబ్బలెక్కించే మస్టర్డ్ వాయువు వదిలాక, అసలు కొలబద్ద మనిషి చర్మమే అయింది.

1930ల తొలినాళ్ల నుంచి పదేళ్లకు పైగా బ్రిటన్ రసాయన ఆయుధాల పరిశోధనా కేంద్రమైన పోర్టన్ డౌన్ శాస్త్రవేత్తలు రావల్పిండిలో భారత సైనికుల మీద మస్టర్డ్ ప్రయోగించారు. నిక్కర్లు, నూలు చొక్కాలతో వాయువు గదుల్లోకి పంపారనీ, కాలిన గాయాలతో కొందరు ఆసుపత్రి పాలయ్యారనీ బ్రిటిష్ జాతీయ పత్రాగారంలోని కాగితాల ఆధారంగా 2007లో పత్రికలు రాశాయి. భారతీయుల చర్మం బ్రిటిష్ వారి చర్మం కన్నా ఎక్కువ దెబ్బతింటుందా అన్నది ఆ శాస్త్రవేత్తల ప్రశ్న. పోర్టన్‌లో బ్రిటిష్ సైనికుల మీదా పరీక్షలు జరిగాయి కనుక దీన్ని వట్టి జాతి వివక్షగా తేల్చేయలేం. అయినా వలస సైన్యంలోని జవాను దొరతో కాదనగలిగేవాడా? నా దృష్టిలో ఈ చరిత్రకు మొదటి పుట అదే. అక్కడ చర్మం ఎవరిదో, ప్రశ్న ఎవరిదో విడిపోయాయి.

విషాన్ని విరగ్గొట్టడం తర్వాతి మాట. మస్టర్డ్‌ను వేడినీళ్లతో విడగొడితే థయోడైగ్లైకాల్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం మిగులుతాయి. అమెరికాలోని ఎబర్డీన్ నిల్వను ఇలాగే విరిచారు. ఆ థయోడైగ్లైకాల్ బట్టల అద్దకంలో ద్రావకంగానూ పనికొస్తుంది. నరాల మీద పనిచేసే వీఎక్స్‌ను అమెరికాలోనే న్యూపోర్ట్‌లో కాస్టిక్ సోడాతో విరిచారు. మిగిలిన ద్రవంలో వీఎక్స్ లేదని తేలినా, కాస్టిక్ మాత్రం ఉంటుంది. "విషం లేదు" అన్న కాగితం "చర్మానికి హాని లేదు" అన్న కాగితం కాదు. 2007లో ఆ ద్రవాన్ని టెక్సస్‌లోని పోర్ట్ ఆర్థర్‌కు లారీల్లో తరలించినప్పుడు జనం ఆందోళన పడింది అజ్ఞానం వల్ల అనడం అన్యాయం.

భారత్ తాను ప్రకటించిన 1,044 టన్నుల మస్టర్డ్‌ను 2009కల్లా నాశనం చేసింది. అది గొప్ప పని. ఇటు చర్మానికి హాని కొలవడానికి, ప్రయోగశాలలో పెంచిన మానవ చర్మపు పొరల మీద చేసే పరీక్షలూ వచ్చాయి. కుందేళ్లకు ఊరట, మనకు మేలు. కానీ ఆ పరీక్షల్లో రసాయనపు స్పర్శ నిమిషాలు, మహా అయితే కొన్ని గంటలు. దాజీ పేట్ వంటి సోలాపూర్ పద్మశాలి పేటల్లో అద్దకం పనివాడి చేయి కాస్టిక్, హైడ్రోస్ అనే అద్దకపు రసాయనం కలిసిన తొట్టిలో రోజూ నానుతుంది, పైగా నూలు కోసిన గీతలతో. ఇలాంటి తడి చేతిని, గీతలు పడిన చేతిని కొలవని పరీక్షను "సురక్షితం" అన్న ముద్రకు ఆధారంగా నేను ఒప్పుకోను.