బూడిదకు తొలి పేటెంటు

అమెరికా ప్రభుత్వం ఇచ్చిన మొట్టమొదటి పేటెంటు దక్కింది బూడిదకు. 1790 జూలై 31న శామ్యూల్ హాప్కిన్స్ అనే ఆయన చేతికి వచ్చిన ఆ పత్రం మీద అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ స్వయంగా సంతకం పెట్టాడు. కట్టెల బూడిదను నీళ్లలో కలిపి మరిగించే ముందు కొలిమిలో ఇంకోసారి కాల్చాలన్నదే ఆయన చెప్పిన కిటుకు. అంత చిన్న విషయానికి అంత పెద్ద సంతకం ఎందుకంటే, ఆ రోజుల్లో గాజు పొయ్యాలన్నా, సబ్బు వండాలన్నా, ఉన్ని జిడ్డు వదిలించాలన్నా బూడిద నుంచి దిగే క్షారమే దిక్కు. అడవి కొట్టి పొలం చేసుకునే రైతుకు మొదటి పంట కంటే ముందు నాలుగు డబ్బులు తెచ్చేది నరికిన చెట్ల బూడిదే. ఇవాళ వంటింటి అలమరలకు పట్టిన జిడ్డు పోవడానికి ఇంటింటా చెప్పుకునే వంటసోడా చిట్కా ఈ బూడిద వంశంలోదే. ఆ వంశచరిత్ర తెలిస్తే, సోడాలో వెనిగర్ పోసి ఆ నురగతో తుడవమనే సలహా ఎంత పొరపాటో తెలుస్తుంది.

ముందు ఆ జిడ్డు సంగతి చూడాలి. పొయ్యి పక్కనున్న అలమర తలుపు పై అంచు మీద వేలు పెడితే పసుపుపచ్చని జిగురు తగులుతుంది. పోపు పెట్టినప్పుడల్లా లేచిన సన్నటి నూనె తుంపర అక్కడ వాలి, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, నెలల తరబడి ఆరి, వార్నిష్ పూతలా గట్టిపడుతుంది. దుమ్ము దాంట్లో కూరుకుపోతుంది. ఒట్టి నీళ్లకు అది లొంగదు. క్షారం తగిలినప్పుడు మాత్రం నూనెలోని కొవ్వు కొంత సబ్బుగా మారి నీటితో కదిలి వస్తుంది. అంటే జిడ్డు మీద పనిచేసేది క్షారం. పులుపుకు ఆ శక్తి లేదు. దాని పని వేరు: రాగి మీది చిలుమును, బోరు నీళ్లు కుళాయికి కట్టిన తెల్లటి పెచ్చును కరిగించడం. రెండూ కలిపితే బుసబుసమని పొంగేది కార్బన్ డయాక్సైడ్, అడుగున మిగిలేది సోడియం అసిటేట్ కలిసిన నీళ్లు. సోడా బలం, వెనిగర్ బలం రెండూ ఆ పొంగులోనే పోయాయి.

ఇది కొత్త రసాయనశాస్త్రమేమీ కాదు. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో క్షారం వండే విధానానికి ఒక అధ్యాయమే ఉంది. మొక్కల్ని కాల్చి, బూడిదను నీళ్లలో కలిపి, 21 సార్లు వడగట్టి, మరిగించాలి. ఇంకా బలంగా కావాలంటే కాల్చిన సున్నపురాళ్లు, శంఖాలు చేర్చాలి. తయారైనదాన్ని ఇనుప పాత్రలో మూత బిగించి దాచాలి. మృదువు, మధ్యమం, తీక్ష్ణం అని క్షారాన్ని మూడు తరగతులుగా విడగొట్టారు. క్షారం ఒంటిని కాల్చితే పులుపు పొయ్యమని, పులుపు కలవగానే దాని తీక్ష్ణత పోయి శాంతిస్తుందని కూడా అక్కడే చెప్పారు. ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ ప్రాచీన భారత రసాయనశాస్త్ర చరిత్ర రాస్తూ ఈ అధ్యాయాన్ని ఎంతో ఆదరంతో పరిచయం చేశారు. క్షారాన్ని చల్లార్చడానికి వైద్యుడు వాడిన పులుపును, క్షారానికి బలం పెంచుతుందని మనం సోడాలో పోస్తున్నాం.

అక్కడి నుంచి ఎన్నో శతాబ్దాలు దాటి ఫ్రాన్సుకు పోవాలి. పద్దెనిమిదో శతాబ్దం చివరికి యూరప్‌లో అడవులు తరిగి బూడిదకు కరువొచ్చింది. స్పెయిన్ సముద్రతీరపు మొక్కల్ని కాల్చి తెచ్చే సోడా ఖరీదు పెరిగింది. ఉప్పు నుంచి సోడా చేసినవాళ్లకు ఫ్రెంచి సైన్సు అకాడమీ బహుమతి ప్రకటించింది. ఓర్లియన్స్ ప్రభువు దగ్గర వైద్యుడిగా ఉన్న నికొలా లెబ్లాంక్ దాన్ని సాధించాడు: ఉప్పును గంధకామ్లంతో ఉడికించి, వచ్చినదాన్ని సున్నపురాయి, బొగ్గులతో కాల్చాడు. 1791లో పేటెంటు వచ్చింది, ప్రభువు పెట్టుబడితో పారిస్ పక్కన సెయింట్ డెనిస్‌లో కర్మాగారం లేచింది. 1793లో విప్లవ ప్రభుత్వం ప్రభువు తల తీసింది, కర్మాగారాన్ని స్వాధీనం చేసుకుంది, దేశావసరం పేరుతో లెబ్లాంక్ రహస్యాన్ని అచ్చేసి అందరికీ పంచింది. ఆ బహుమతి ఆయనకు అందలేదు. నెపోలియన్ కాలంలో కర్మాగారం తిరిగిచ్చారు గానీ దాన్ని నడిపే డబ్బు ఆయన దగ్గర లేదు. 1806లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆయన పద్ధతి మాత్రం సముద్రం దాటి, 1823 నుంచి లివర్‌పూల్‌లో జేమ్స్ మస్‌ప్రాట్ అనే వ్యాపారిని కోటీశ్వరుణ్ణి చేసింది. ప్రపంచానికి చవకగా సబ్బు, గాజు అందించిన మనిషికి జరిగిన ఈ అన్యాయం ఇవాళ్టికీ బాధపెట్టేదే.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది: ఈ సోడా నుంచే తయారయ్యే వంటసోడా కూడా కర్మాగారం సరుకైతే, చిట్కాల్లో దాన్ని సహజమని ఎలా అంటాం? న్యాయమైన ప్రశ్నే. నిజానికి లెబ్లాంక్ కర్మాగారాల పొగ గొట్టాల నుంచి వచ్చిన హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు చుట్టుపక్కల చెట్లనూ పైరునూ మాడ్చేసింది. 1863లో బ్రిటన్ ఆల్కలీ చట్టం తెచ్చి, ఆ వాయువులో 95 శాతాన్ని బయటికి పోకుండా పట్టి ఉంచాలని శాసించింది. బెల్జియంలో ఎర్నెస్ట్ సాల్వే 1861లో ఉప్పు, సున్నపురాయి, అమ్మోనియాలతో కనిపెట్టిన మరో దారిలో ఆ వాయువు పీడ లేదు. మన మిఠాపూర్‌లో 1939లో మొదలైన టాటా కెమికల్స్ చేసేదీ ఈ సోడాయే. అయితే బూడిద సహజమైనదే కదా, దాని కోసం అడవులకు అడవులు కాలిపోయాయి. కాబట్టి సహజమా కాదా అన్నది అసలు కొలత కాదు. ఎక్కడ ఏది పనిచేస్తుంది, ఎవరికి ఎంత హాని చేస్తుంది అన్నదే చూడాలి.

మన ఇళ్లలో ఆ వివేకం ఉండేది. చాకళ్లు చౌడు మట్టితో మురికి బట్టల్ని ఉబ్బ పెట్టేవారు. వంటింట్లో జిడ్డు గిన్నెకు బూడిద, రాగి చెంబుకు చింతపండు. బూడిద, చింతపండు కలిపి తోమలేదా అని ఎవరైనా అడగవచ్చు. తోమారు, గిన్నె మెరిసింది కూడా. కానీ అక్కడ బూడిద చేసింది గరుకుగా రాపిడి ఇవ్వడం, మిగతా పని చింతపండు పులుపుది. గ్యాసు పొయ్యి వచ్చాక ఇంట్లో బూడిదే లేకుండా పోయింది. పొగ పోయినందుకు ఎవరూ విచారించక్కర్లేదు. పోయిందల్లా ఏ మురికికి ఏది మందు అని చేతులకు తెలిసిన తేడా. అది పోవడం పెద్ద నష్టమే.

అలాగని లామినేట్ తలుపుల మీద బూడిద రుద్దకూడదు, గీతలు పడతాయి. బూడిద తేట ఒక్కో కట్టెకు ఒక్కో బలంతో దిగుతుంది, చేతుల్ని కాల్చే ప్రమాదం కూడా ఉంది. బట్టల సోడా పీహెచ్ 11 దాకా ఉంటుంది, టేకు తలుపు పాలిష్‌ను లేపేస్తుంది. వంటసోడాది 8.3 దగ్గర, దానికంటే చాలా మృదువు. గోరువెచ్చని నీళ్లలో దాన్ని కలిపి, బట్ట తడిపి గట్టిగా పిండి, జిడ్డు మీద కొన్ని నిమిషాలు ఆనించి తుడిస్తే మెత్తబడుతుంది. తర్వాత మంచినీళ్ల బట్ట, ఆ వెంటనే పొడి బట్ట. పాలిష్ చేసిన చెక్క అయితే ముందు తలుపు లోపలి మూల మీద చేసి చూసుకోవాలి. వెనిగర్‌ను సింకు కుళాయి కోసం పక్కన ఉంచుకోవచ్చు.