అనంతగిరి ఎన్ని గిరులు?

అనంతగిరి వెళ్తున్నామని విశాఖపట్నంలో ఎవరైనా అంటే అరకు ఘాట్ రోడ్డు, కాఫీ తోటలు, బొర్రా గుహలు గుర్తుకొస్తాయి. అదే మాట హైదరాబాదులో అంటే వికారాబాద్ అడవి, అనంతపద్మనాభస్వామి గుడి మెదులుతాయి. కోదాడలో అయితే 2016లో ఏర్పడ్డ పక్క మండలం. సిరిసిల్ల వైపు ఇల్లంతకుంటలో అయితే, కాళేశ్వరం పథకంలో కట్టిన మూడున్నర టీఎంసీల జలాశయం. దానికి అన్నపూర్ణ అని కొత్త పేరు పెట్టినా, మునిగిన ఊరి పేరుతో అనంతగిరి రిజర్వాయరు అనే అంటున్నారు. ఊరు పోయాక కూడా పేరు బతికిందంటే జనం నాలుక గట్టిదనే చెప్పాలి.

నాలుగు చోట్లా మాట ఒకటే. మరి ఈ నాలుగూ చుట్టాలేనా?

ముందు మాటను విప్పి చూద్దాం. అనంతం అంటే అంతం లేనిది. సంస్కృతంలోని ఈ 'అంత'కు ఇంగ్లీషు 'ఎండ్', జర్మన్ 'ఎండె' దాయాదులు. అనంతుడంటే ఆదిశేషుడు, ఆ శేషుడి మీద పవళించిన స్వామి అనంతపద్మనాభుడు. భాద్రపద శుద్ధ చతుర్దశినాడు పద్నాలుగు ముడుల తోరం కట్టుకుని వ్రతం చేసేది ఈయనకే. బీజగణితం రాసిన భాస్కరాచార్యుడు కూడా సున్నాతో భాగించగా వచ్చే రాశిని చెప్పేటప్పుడు ఈ అనంతుణ్ణే తలచుకున్నాడు.

'అనంతరం' కూడా ఈ ఇంటిదే అనిపిస్తుంది గానీ, కాదు. అది అంతం లేకపోవడం కాదు, 'అంతరం' లేకపోవడం. నడుమ ఎడం లేకుండా వెంటనే వచ్చేది అనంతరం. ఇక 'అంత కొండ ఎలా ఎక్కుతాం?' అనేటప్పటి 'అంత' అచ్చంగా మన ద్రావిడ మాట. ఇంత, ఎంతలకు తోబుట్టువు. సంస్కృతపు 'అంత'తో దానికి ఏ బంధుత్వమూ లేదు.

గిరి సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. కొండ అనే అర్థంలో అది సంస్కృతం. అవెస్తాలో 'గైరి', రష్యన్‌లో 'గోర' దాని దాయాదులు. మాంటెనెగ్రో ప్రజలు తమ దేశాన్ని సొంత భాషలో 'త్సర్నా గోరా' అంటారు, అంటే నల్లకొండ. మన నల్లగొండే అన్నమాట! కోదాడ దగ్గరి అనంతగిరి 2016 దాకా ఆ నల్లగొండ జిల్లాలోదే.

అయితే గుమాస్తాగిరి, దాదాగిరిలో ఉన్నది ఈ గిరి కాదు. అది పారసీకం నుంచి వచ్చిన ప్రత్యయం. 'గిరి గీసుకుని కూర్చున్నాడు' అన్నప్పుడు వినిపించేది మూడో గిరి, అంటే హద్దు గీత. ఈ అర్థం పట్టుకుని పేరు విడదీస్తే అనంతగిరి 'అంతులేని హద్దు' అయిపోతుంది! పేరులోని రెండు ముక్కలకూ ఇలా పరాయి ఇళ్లలో సరిపేరు వాళ్లున్నారు. ఒకే ధ్వని ఉన్నంత మాత్రాన ఒకే పుట్టుక ఉండనక్కర్లేదని ఆ మాటలే చెబుతున్నాయి. ఊళ్ల విషయంలోనూ అంతే.

ఊళ్ల పేర్లు పదేపదే రావడానికి అమెరికా పెట్టింది పేరు. అక్కడ స్ప్రింగ్‌ఫీల్డ్‌లు డజన్లకొద్దీ ఉన్నాయి. ఇంగ్లండులో ఎసెక్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి వచ్చిన విలియం పించన్ 1636లో మసాచుసెట్స్‌లో ఒక ఊరు నిలిపితే, కొన్నాళ్లకు ఆయన సొంత ఊరి పేరే దానికి స్థిరపడింది. లింకన్ కాపురమున్న ఇల్లినాయ్ స్ప్రింగ్‌ఫీల్డ్ మొదట కాల్హూన్. 1832లో ఆ పేరు తీసేసి, మసాచుసెట్స్ ఊరి పేరు తెచ్చి పెట్టుకున్నారు. మనుషులు పడమరకు కదిలేకొద్దీ మూటాముల్లెతో పాటు పేరు కూడా కదిలింది. ఆరెగన్‌లో మద్రాస్ అనే చిన్న పట్నం ఉంది. మద్రాసు నూలు గుడ్డ మీది పేరు చూసి పెట్టారని అక్కడ చెప్పుకుంటారు. అదే రాష్ట్రంలో సేలం కూడా ఉంది. ఆ సేలం బైబిల్ నుంచి వచ్చింది. తమిళనాడు సేలాన్ని మాత్రం 'శైలం' నుంచి తీస్తారు, చుట్టూ కొండలు కాబట్టి. ఇంగ్లీషులో అక్షరం తేడా లేకుండా రాసినా వాటి మధ్య చుట్టరికం లేదు.

మనవాళ్లు వలస వెళ్లలేదా? వెళ్లారు. ఉత్తరాంధ్రలో 'వలస'తో ముగిసే ఊళ్లు లెక్కకు మిక్కిలి. కానీ వాళ్లలో చాలామంది పాత ఊరి పేరు మోసుకెళ్లలేదు, వచ్చిన పనినే పేరుగా పెట్టుకున్నారు. వలస వచ్చాం గనుక వలస. కొత్తగా వచ్చాం గనుక కొత్తవలస. అందుకే కొత్తవలసలు కూడా చాలానే ఉన్నాయి. వాటిలో ఒకచోట మొదలయ్యే కిరండూల్ రైలు మార్గం అనంతగిరి కొండల్లోకి ఎక్కి కరకవలస, శిమిలిగుడ మీదుగా అరకు చేరుతుంది. నన్నడిగితే, పాత పేరును అతికించుకోవడం కన్నా ఈ పద్ధతే నిజాయితీ గలది.

అనంతగిరులు ఒకదాన్ని చూసి ఒకటి పెట్టుకున్న పేర్లు కావు. ఎక్కడికక్కడ మొలిచినవి. అంచు అందని కొండ వరస కనబడినా, కొండ మీద స్వామిని తలచుకున్నా ఈ రెండు ముక్కలూ చేతికి సిద్ధంగా ఉన్నాయి. అయినా రెండు పెద్ద అనంతగిరుల మధ్య ఒక పోలిక నాకు ముచ్చటగా ఉంటుంది. వికారాబాద్ కొండల్లో మూసీ పుడుతుంది; ముచుకుందుడి పేరే మూసీ అయిందంటారు. అది హైదరాబాదు మధ్య నుంచి పారి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అరకు వైపు కొండల్లో గోస్తని పుడుతుంది. బొర్రా గుహల గుండా పారి, తాటిపూడి జలాశయం దాటి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. దారిలో ఉన్న పద్మనాభం కొండ మీద కొలువైంది ఎవరు? అనంతపద్మనాభుడే. 

గోస్తని అంటే ఆవు పొదుగు. మేసే ఆవు ఒకటి బొర్రా గుహ కప్పులోని కంత నుంచి జారి లోపల పడిందని, వెతుక్కుంటూ దిగిన కాపరికి శివలింగం కనబడిందని అక్కడి కథ. గుహలోకి దిగి తల పైకెత్తితే సున్నపురాతి కొనలు వేలాడుతుంటాయి, ఒక్కొక్క కొసకూ ఒక నీటిచుక్క. అది చూశాక ఏటికి ఆ పేరెందుకో నిఘంటువు చెప్పనక్కర్లేదు.

ఇక్కడే ఒక సంగతి గమనించాలి. అనంతగిరి, గోస్తని అనే సంస్కృతం పేర్లు దేశంలో ఎక్కడైనా ఇమిడిపోతాయి. వాటి చుట్టూ ఉన్న శిమిలిగుడ, తాటిగుడ, కరకవలస, సుంకరిమెట్ట, గాలికొండ అలా కావు. గాలికొండను వాయుగిరి అంటే ఆ చలిగాలి కాస్తా ఆగిపోతుంది. 'గుడ' ఆదివాసీ ఒడియా పలుకు, మన గూడేనికి సమానం. 'మెట్ట', వాగును పిలిచే 'గెడ్డ' ఉత్తరాంధ్ర తెలుగు. కొండదొరల కూబి భాష ఇక్కడిదే. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి అరకు ప్రాంతంలో తిరిగి సేకరించి 1969లో దాని మీద పుస్తకం వెలువరించారు. అనంతగిరి అనే పెద్ద పేరు నాలుగు చోట్ల ఉండవచ్చు. ఇది ఏ అనంతగిరో తేల్చిచెప్పేవి ఈ చిన్న పేర్లే.

ప్రభుత్వానికీ సరిపేర్ల బాధ తప్పలేదు. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ రావడానికి ఒక కారణం ఒకే పేరున్న ఊళ్లు. దాన్ని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ సంస్కృత కవి కూడా. పేర్ల అందం తెలిసిన మనిషే వాటికి అంకెలు తగిలించవలసి వచ్చింది! వికారాబాద్ వైపు ఉత్తరం 50తో, విశాఖ మన్యం వైపు ఉత్తరం 53తో మొదలై దారి తప్పకుండా పోతుంది. కానీ అంకెకు ఉత్తరం చేర్చడమే తెలుసు. గెడ్డ ఎటు పారుతుందో, గుడను ఎవరు కట్టారో దానికి తెలియదు.

కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊళ్ల పేర్ల మీద పరిశోధన చేసి 1976లో పుస్తకం తెచ్చారు. ఆ పని అనంతగిరి మన్యంలో గుడ గుడకూ జరగాలి. అక్కడ పాఠాలు చెప్పే ఉపాధ్యాయులకు నా మనవి ఇదే: బడిపిల్లల చేత వాళ్ల తాతలను, అవ్వలను అడిగించండి. ప్రతి కొండకూ, గెడ్డకూ, పోడు చెక్కకూ వాళ్ల నోట ఏ పేరుందో, ఏ భాషలో ఉందో ఆ పలుకు చెడకుండా తెలుగు లిపిలో రాయించి, ఆ నోటుపుస్తకాన్ని బడిలోనే దాచండి.