చీనా పాత్రలూ, గోదావరి తీరమూ

ఆవకాయ పెట్టే రోజుల్లో గోదావరి సీమ ఇళ్ళలో అటక మీది జాడీలు కిందికి దిగుతాయి. వాటిని మనం పింగాణీ జాడీలంటాం. పారసీకంలో గిన్నెకు ‘పింగాన్’ అని పేరు. అరబ్బులు దానినే ‘ఫిన్జాన్’ అన్నారు. పట్టుబట్టలను గొప్పగా చెప్పవలసి వస్తే ‘చీనిచీనాంబరాలు’ అంటాం. అంటే చీనా సరకూ, దాన్ని మోసుకొచ్చిన వర్తకుల మాటా రెండూ మన ఇళ్ళలో ఉన్నాయి. ఇవి ఏ దారిన వచ్చాయన్న ప్రశ్నతోనే ఈ వ్యాసకర్త హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో చీనా వస్తువుల విభాగానికి వెళ్ళాడు.

ఈ సేకరణలో ఎక్కువ భాగం మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) కూర్చినది. ఆయన మరణానంతరం 1951 డిసెంబరు 16న నెహ్రూ దానిని ప్రజలకు తెరిచారు. చీనా విభాగంలో తెల్లని మట్టిపై నీలి చిత్రాలున్న పాత్రలు, లేతాకుపచ్చ మెరుపు గల సెలడాన్ పళ్ళేలు కన్నుల పండుగ చేస్తాయి. ఆ నీలం వెనుక ఒక చరిత్ర ఉంది. 14వ శతాబ్దంలో చింగ్‌తెచెన్ కుమ్మరులు వాడిన మేలైన కోబాల్టు ఇరాన్ నుంచి వచ్చేది. అంటే మనం చీనా పాత్ర అని పిలిచే వస్తువులో మట్టి చీనాది, రంగు ముస్లిం వర్తకులు తెచ్చినది.

సెలడాన్ పళ్ళేలను దక్కనులో ‘ఘోరీ’ అనేవారు. విషం కలిసిన ఆహారం వడ్డిస్తే ఆ పళ్ళెం పగులుతుందని, రంగు మారుతుందని నవాబుల ఇళ్ళలో నమ్మకముండేది. ఆ మెరుపు గాజు పూత మాత్రమే. దానికి విషాన్ని పట్టే గుణం లేదు. అయినా ఆ నమ్మకాన్ని చరిత్రకారుడు కొట్టిపారేయరాదు. పళ్ళెం గుణాన్ని కాకపోయినా, భోజనానికి కూర్చున్న ప్రభువు భయాన్ని అది మనకు తెలియజేస్తుంది.

అయితే అంత అందమైన పళ్ళేన్ని చూస్తూ కూడా మన ప్రశ్నకు సమాధానం పొందలేము. అది ఏ ఓడ ఎక్కింది? ఏ రేవులో దిగింది? ఎవరి చేతులు మారింది? సేకరించినవారు అందం చూసి కొన్నారు. వస్తువు నిలిచింది గాని దాని ప్రయాణం చెరిగిపోయింది. ఆ ప్రయాణాన్ని తెలుసుకోవాలంటే తిరిగి మన తీరానికే రావాలి.

ముందుగా గ్రంథస్థ సాక్ష్యం చూద్దాం. 7వ శతాబ్దంలో చీనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ ఆంధ్రదేశానికి వచ్చి, ఇక్కడ ఇరవైకి పైగా సంఘారామాలు, సుమారు 3,000 మంది భిక్షువులు ఉన్నారని వ్రాశాడు. అతడు పేర్కొన్న రాజధాని వేంగియేనని, అంటే ఏలూరు చెంత పెదవేగి అని, పలువురు పండితుల అభిప్రాయం. తరువాత 1077లో చోళ రాజ్యం నుంచి 72 మందితో ఒక రాయబారం సోంగ్ చక్రవర్తి వద్దకు వచ్చిందని, వారికి ప్రతిగా 81,800 సరాల రాగి నాణేలు ముట్టాయని చీనా చరిత్ర చెబుతుంది. దానిని పంపినవాడు కులోత్తుంగ చోళుడని నీలకంఠశాస్త్రి వంటివారు భావించారు. కులోత్తుంగుడు మరెవరో కాదు, రాజమహేంద్రవరమేలిన రాజరాజ నరేంద్రుని కుమారుడు. ఆ రాయబారంలో శ్రీవిజయ రాజుల ప్రమేయముందని వాదించేవారూ ఉన్నారు కనుక ఈ విషయాన్ని తేలిపోయినదిగా చెప్పరాదు.

ఇక నేల చెప్పే సాక్ష్యం. తూర్పు చాళుక్యుల బంగారు నాణేలు బర్మాలోని చెదూబా ద్వీపంలో దొరికాయి. చీనా రేవు చువాన్‌చౌలో హిజ్రీ 400 (క్రీ.శ. 1009–10) నాటి మసీదు ఉంది, అదే పట్టణంలో 1281 నాటి తమిళ శాసనమూ దొరికింది. అరబ్బు వర్తకులు, దక్షిణాది వర్తకులు ఒకే రేవులో మసలారనడానికి ఇంతకంటె నిదర్శనమేమి కావాలి? మన తీరాన, నాటి నెల్లూరు జిల్లా కొత్తపట్నం తవ్వకాలలో 13, 14 శతాబ్దాల చీనా పింగాణీ పెంకులు బయటపడ్డాయి. ఎవరూ అద్దాల బీరువాలో పెట్టి మురిసిపోయే వస్తువులు కావవి. కాని అవి ఎక్కడ, ఏ పొరలో దొరికాయో తెలుసు గనుక, నిండు పళ్ళెం చెప్పలేని మాట ఆ పెంకు చెప్పగలుగుతున్నది.

గోదావరి డెల్టా విషయమే మనల్ని ఆలోచింపజేస్తుంది. ఇక్కడ నది ఒండ్రు పోసి పాత రేవులను పూడుస్తుంది, సముద్రం కొత్త ఒడ్డును కోస్తుంది. కోరంగి రేవును 1839 నాటి తుపాను ధ్వంసం చేసింది. దానికి తోడు కొన్ని దశాబ్దాలుగా తీర గ్రామాల్లో చేపల, రొయ్యల చెరువుల కోసం నేలను యంత్రాలతో తవ్వుతున్నారు. ఆ మట్టిలో నున్నని ఆకుపచ్చ పెంకు ఒకటి వస్తే ఎవరు గమనిస్తారు? గట్టు మీద పడి మళ్ళీ మట్టిలో కలుస్తుంది, లేదా ఎవరి జేబులోనో చేరి ఊరు పేరు పోగొట్టుకుంటుంది.

1922లో రాజమహేంద్రవరంలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలిని నెలకొల్పినవారు సామాన్యుల సహాయంతోనే శాసనాలు, నాణేలు కూడబెట్టారు. రాళ్ళబండి సుబ్బారావు పేరిట నేడు ఆ ఊళ్ళో ఉన్న మ్యూజియం ఆ కృషి ఫలమే. పాఠకులను కోరేది కూడా అటువంటి సహాయమే. మీ చెరువులోనో, ఇసుకదిబ్బలోనో ఇటువంటి పెంకు కనిపిస్తే కడిగి ఇంట్లో అలంకరించుకోకండి. ఊరు, చోటు, ఎంత లోతున దొరికింది, ఏ తేదీన దొరికింది అన్న నాలుగు మాటలు కాగితం మీద వ్రాసి పురావస్తు శాఖకు అందజేయండి. ఆవకాయ జాడీ వెనుక ఉన్న చరిత్రను మనవారు ఇంకా వ్రాయవలసే ఉన్నది.