మూడో ఏట కిరీటం.. ఆరేళ్లకు వీడ్కోలు

హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్ ప్రస్థానం

భాగ్యనగరం పేరుతో దేశ అగ్రశ్రేణి ఫుట్‌బాల్ లీగ్‌లో బరిలోకి దిగిన హైదరాబాద్ ఎఫ్‌సీ ప్రస్థానం ఆరేళ్లలోనే ముగిసింది. 2019 ఆగస్టులో ఆవిర్భవించిన ఈ క్లబ్ 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) విజేతగా నిలిచింది. 2025 అక్టోబరులో దేశ రాజధానికి తరలి ‘స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ’గా పేరు మార్చుకుంది. కప్పు గెలిచిన జట్టు నగరాన్ని వీడిపోవడం ఎలా సాధ్యమైందన్న అభిమానుల ప్రశ్నకు సమాధానం ఆ క్లబ్ పుట్టుకలోనే ఉంది.

పుణె పోయి.. హైదరాబాద్ వచ్చె

ఐఎస్ఎల్‌లో 2014 నుంచి ఆడిన ఎఫ్‌సీ పుణె సిటీ 2019లో మూతపడింది. ఆ స్థానాన్ని వరుణ్ త్రిపురనేని, విజయ్ మద్దూరి దక్కించుకుని హైదరాబాద్ కేంద్రంగా కొత్త క్లబ్‌ను స్థాపించారు. సినీ నటుడు రానా దగ్గుబాటి సైతం సహ యజమానిగా చేరారు. సరిగ్గా అదే సమయంలో ఢిల్లీ డైనమోస్ జట్టు భువనేశ్వర్‌కు తరలి ఒడిశా ఎఫ్‌సీగా మారింది. లీగ్‌లో పాల్గొనే హక్కు యాజమాన్యానిదే తప్ప నగరానిది కాదన్న వాస్తవం ఆనాడే స్పష్టమైంది. అప్పట్లో అది మన నగరానికి కలిసొచ్చింది.

అట్టడుగు నుంచి అందలానికి

ఆరంభం నిరాశాజనకం. 2019 అక్టోబరులో కోల్‌కతాలో ఆడిన తొలి పోరులో ఏటీకే చేతిలో 0-5తో జట్టు చిత్తయింది. నవంబరు 2న గచ్చిబౌలిలోని జీఎంసీ బాలయోగి క్రీడా మైదానంలో కేరళ బ్లాస్టర్స్‌ను 2-1తో ఓడించి సొంతగడ్డపై బోణీ చేసినా, ఆ జోరు నిలవలేదు. 18 మ్యాచుల్లో రెండే గెలిచి, 10 పాయింట్లతో చివరిదైన పదో స్థానంతో సరిపెట్టుకుంది.

2020లో స్పెయిన్‌కు చెందిన మనోలో మార్కెజ్ శిక్షకుడిగా రావడంతో దశ తిరిగింది. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో వంటి యువకులకు ఆయన పెద్దపీట వేశారు. ఆ సీజన్‌లో ఐదో స్థానం దక్కింది. మరుసటి ఏడాది నైజీరియా ఆటగాడు బార్తొలొమ్యూ ఒగ్బెచె 18 గోల్స్‌తో లీగ్‌లోనే అగ్రస్థానంలో నిలవగా, జట్టు 38 పాయింట్లతో రెండో స్థానం సాధించింది. సెమీఫైనల్లో ఏటీకే మోహన్ బగాన్‌ను రెండు మ్యాచుల్లో కలిపి 3-2తో అధిగమించి తుది పోరుకు చేరింది.

కట్టిమణి అడ్డుగోడ

2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా మైదానంలో ఫైనల్ జరిగింది. 68వ నిమిషంలో కేరళ బ్లాస్టర్స్ ఆధిక్యంలోకి వెళ్లింది. ఓటమి ఖాయమనుకుంటున్న వేళ 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన బంతి గోల్‌లోకి దూసుకెళ్లి స్కోరును సమం చేసింది. అదనపు సమయంలోనూ ఫలితం తేలలేదు. పెనాల్టీ షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి ముగ్గురు ప్రత్యర్థుల కిక్‌లను అడ్డుకున్నాడు. హాలిచరణ్ నర్జరీ చివరి కిక్‌ను గోల్‌గా మలచడంతో హైదరాబాద్ 3-1తో కప్పు అందుకుంది.

నగరం చూడని విజయం

అయితే ఆ వైభవం నగరవాసుల కళ్లముందు జరగలేదు. కొవిడ్ కారణంగా 2020-21, 2021-22 సీజన్ల మ్యాచులన్నీ గోవాలోనే నిర్వహించారు. ఫలితంగా గచ్చిబౌలి ప్రేక్షకులు తొలుత చూసింది అట్టడుగున నిలిచిన జట్టును. ఛాంపియన్లను సొంతగడ్డపై లీగ్ మ్యాచుల్లో చూసే భాగ్యం 2022-23లో మాత్రమే కలిగింది. ఆ ఏడాది జట్టు 42 పాయింట్లతో మళ్లీ రెండో స్థానంలో నిలిచింది. సెమీఫైనల్లో ఏటీకే మోహన్ బగాన్ చేతిలో షూటౌట్‌లో పరాజయం పాలైంది. అనంతరం మార్కెజ్ ఎఫ్‌సీ గోవాకు వెళ్లిపోయారు.

బకాయిల ఊబి

అభిమానం వేళ్లూనుకునే దశలోనే ఆర్థిక సంక్షోభం ముంచుకొచ్చింది. ఆటగాళ్లకు చెల్లింపులు నిలిచిపోవడం, బకాయిల వివాదాల నేపథ్యంలో కొత్త ఆటగాళ్ల నమోదుపై ఫిఫా నిషేధం విధించడం 2023-24 సీజన్‌ను కుదిపేశాయి. విదేశీ ఆటగాళ్లతోపాటు ప్రధాన ఆటగాళ్లు ఒక్కొక్కరుగా వీడిపోయారు. మిగిలిన కుర్రాళ్లతో శిక్షకుడు తంగ్‌బోయ్ సింగ్టో జట్టును నెట్టుకొచ్చారు. 22 మ్యాచుల్లో ఒకే ఒక్క గెలుపు, 8 పాయింట్లు, చివరి స్థానం. రెండేళ్ల కిందటి విజేతల పరిస్థితి ఇది.

2024లో బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్‌ను చేజిక్కించుకుంది. 2024-25లో జట్టు 18 పాయింట్లతో 13 జట్లలో 12వ స్థానం పొందింది. ఆ తర్వాత కొద్ది నెలలకే హస్తినకు తరలింది. 2019లో డైనమోస్‌ను కోల్పోయిన ఢిల్లీకి ఆరేళ్ల తర్వాత మన జట్టు దక్కింది.

రహీం నడిచిన నేల

హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ కొత్త కాదు. ఎస్.ఎ.రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన మార్గదర్శకత్వంలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. సికింద్రాబాద్ బిడ్డ తులసీదాస్ బలరాం ఆ రెండు జట్లలోనూ ఆడారు. రహీం జీవితం ఆధారంగా ‘మైదాన్’ చిత్రం 2024లో విడుదలయ్యే నాటికి ఆయన నగరం పేరు మోస్తున్న క్లబ్ పట్టికలో అట్టడుగున ఉండటం విచారకరం.

ఆ రెండు జట్ల నడుమ తేడా గమనించదగినది. పోలీసు జట్టు ఆటగాళ్లకు ఉద్యోగమే ఆధారం. వారు నగరంలోనే ఉండి, ఇక్కడి మైదానాల్లోనే రాటుదేలారు. క్లబ్ జట్టుకు పెట్టుబడే ప్రాణం. అది ఆగిన నాడు ఆటగాళ్లు, చివరకు పేరు కూడా మిగల్లేదు.

అయినా ఆట ఆగలేదు. 2021-22లో ఐ-లీగ్‌లో అడుగుపెట్టిన శ్రీనిధి దక్కన్ క్లబ్ తొలి ఏడాది మూడో స్థానం, ఆ తర్వాత వరుసగా రెండేళ్లు రెండో స్థానం సాధించింది. 2024 సెప్టెంబరులో ఇంటర్‌కాంటినెంటల్ కప్, డిసెంబరులో సంతోష్ ట్రోఫీ తుది దశ పోటీలు నగరంలో జరిగాయి. మైదానాలు ఉన్నాయి, ప్రేక్షకులూ ఉన్నారు. ఎవరు కొన్నా, ఎవరు అమ్మినా ఊరు వదలని జట్టే ఇప్పుడు కావాల్సింది.

ఏ ఏడాది ఏ స్థానం

2019-20: 10వ స్థానం, 10 పాయింట్లు
2020-21: 5వ స్థానం, 29 పాయింట్లు
2021-22: 2వ స్థానం, 38 పాయింట్లు, కప్పు విజేత
2022-23: 2వ స్థానం, 42 పాయింట్లు, సెమీఫైనల్
2023-24: 12వ స్థానం, 8 పాయింట్లు
2024-25: 12వ స్థానం, 18 పాయింట్లు