క్లైవ్ ప్రభువు బిరుదూ, మన జమీందారీ సన్నదులూ

చెన్నైలో ఉన్నవాళ్లం కోటలోని క్లైవ్ హౌస్ పేరు వినే ఉంటాం. మౌంట్ రోడ్డు దగ్గర రాజాజీ హాలైతే అందరూ చూసిందే. మొదటిదానికి పేరు తండ్రి క్లైవ్‌ది, రెండోదాన్ని కట్టించింది కొడుకు క్లైవ్. ఇద్దరినీ 'లార్డ్ క్లైవ్' అనే అనేవారు కాబట్టి మన ఇళ్లల్లో కబుర్లు చెప్పుకునేటప్పుడు ఇద్దరూ ఒకరైపోతుంటారు. విడదీసి చూస్తే, ఆ బిరుదు చరిత్రలో మన తెలుగు జిల్లాల చరిత్ర చాలానే ఉంది.

తండ్రి రాబర్ట్ క్లైవ్ 1744లో కంపెనీ గుమాస్తాగా మద్రాసులో దిగాడు. 1753లో సెయింట్ మేరీ చర్చిలో పెళ్లి చేసుకున్నాడు. 1757లో బెంగాల్లో ప్లాసీ యుద్ధం గెలిచాక 1762లో 'బ్యారన్ క్లైవ్ ఆఫ్ ప్లాసీ' అయ్యాడు. ఇంగ్లీషు ప్రభువుల వరసలో డ్యూక్, మార్క్విస్, ఎర్ల్, వైకౌంట్ తరవాత ఆఖరి మెట్టు బ్యారన్. పైగా అది ఐర్లండు బిరుదు. దానితో లండన్ ప్రభువుల సభలో కుర్చీ రాదు. అంత డబ్బూ పేరూ ఉన్నవాడికి ఆ వెలితి ఉండనే ఉండింది.

బిరుదులో ఉన్నది బెంగాల్ ఊరి పేరే గానీ, ఆయన చెయ్యి మన వైపూ చాచింది. బొబ్బిలి యుద్ధం తరవాత విజయనగరం ఆనంద గజపతి రాజు ఫ్రెంచివాళ్లని వెళ్లగొట్టడానికి ఇంగ్లీషువాళ్లని పిలిచాడు. క్లైవ్ కలకత్తా నుంచి కర్నల్ ఫోర్డుని పంపించాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు, మరుసటేడు బందరు కోట కూడా పోయింది. 1765 ఆగస్టులో మొగలు చక్రవర్తి షా ఆలం నుంచి బెంగాల్ దివానీతోపాటు ఉత్తర సర్కార్లకీ క్లైవ్ ఫర్మానా సంపాదించాడు. మన రైతుల్ని అడిగినవాళ్లెవరూ లేరు. అలహాబాదులో రాసిన కాగితం మీద శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా చేతులు మారింది. నిజాంని ఒప్పించింది ఆ మరుసటేడు.

1774లో తండ్రి పోగా బిరుదు కొడుకు ఎడ్వర్డుకి వచ్చింది. 1794లో అతనికి గ్రేట్ బ్రిటన్ బ్యారన్ హోదా దక్కింది, తండ్రికి అందని ప్రభువుల సభ కుర్చీ దానితో వచ్చింది. 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నరు అతనే. యుద్ధవీరుడేం కాదు, తండ్రంత పేరూ లేదు. అయినా మన జిల్లాల రూపురేఖలు ఏర్పడింది ఆ అయిదేళ్లలోనే. 1800లో నిజాం ఇచ్చేసిన కడప, బళ్లారి సీమలు, అంటే దత్త మండలాలు, మద్రాసు కింద చేరాయి. వాటికి థామస్ మన్రో కలెక్టరుగా వెళ్లాడు. 1801లో ఆర్కాటు నవాబుతో ఒప్పందం కుదిరి నెల్లూరు కూడా కలిసింది. 1802లో శాశ్వత శిస్తు రెగ్యులేషన్ వచ్చింది. విజయనగరం, వెంకటగిరి లాంటి సంస్థానాలు ఇంత పేష్కష్ ఎప్పటికీ కడతామని సన్నదులు పుచ్చుకున్నాయి.

రాజాజీ హాలు పూర్తయింది కూడా 1802లోనే. గోల్డింగ్‌హామ్ కట్టిన ఆ విందుశాల ప్లాసీ, శ్రీరంగపట్నం విజయాల గుర్తు. తండ్రి గెలుపు ఒకటి, తన హయాంలో టిప్పు మీద వచ్చిన గెలుపు ఒకటి. తిరిగి వెళ్లాక 1804లో ఎడ్వర్డు 'ఎర్ల్ ఆఫ్ పోవిస్' అయ్యాడు. ఆ బిరుదు అంతకుముందు భార్య హెన్రియెట్టా అన్నది. ఆయనకి పిల్లలు లేరు. ఆ ఆస్తి కోసం వీళ్ల కొడుకు ఇంటిపేరు కూడా క్లైవ్ నుంచి హెర్బర్ట్‌గా మార్చుకున్నాడు. టిప్పు గుడారం, మరెన్నో మన దేశపు వస్తువులు ఇవాళ్టికీ వేల్స్‌లోని వాళ్ల పోవిస్ కోటలో ఉన్నాయి.

ఇక్కడ మాకు తట్టేది ఒకటే. పాత దస్తావేజుల్లో 'శాశ్వతంగా' అనే మాట చూసి మన పెద్దలు ఎంతో ధీమా పడేవారు. ఆ శాశ్వతం 146 ఏళ్లు నిలిచింది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో సన్నదులు చెల్లిపోయాయి. అవి పోవడం రైతుకి మేలే, దానికి మేము విచారించం. కానీ ఆ సన్నదుల కాలంలో గవర్నరుగా ఉన్నవాడి బిరుదు మాత్రం, చిన్న బ్యారన్‌గా మొదలై ఎర్ల్ దాకా పెరిగి, ఆ వంశంలో ఇంకా నడుస్తూనే ఉంది. ఎవరి బిరుదు ఎవరి భూమి మీద పెరిగిందో మన పిల్లలకి తెలిసి ఉండాలి. రాజాజీ హాలు మెట్లు చూపించేటప్పుడు ఈ ముక్క కూడా చెప్పండి.