అర మనిషి లెక్క: గార్డెన్ రీచ్ వలస కుటుంబాల చరిత్ర

వాల్తేరునుండి ఉత్తరంగా సాగే రైలుమార్గంలో కొలువు చేసిన తెలుగు కుటుంబాలకు గార్డెన్ రీచ్ అనే పేరు కొత్త కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే ప్రధాన కార్యాలయం అక్కడే ఉండేది. 1955లో ఏర్పడిన ఆగ్నేయ రైల్వేకు కూడ అదే కేంద్రమైనది. ఉర్దూ సాహిత్యం ఎరిగినవారికి ఆ పేరు వేరొక స్మృతిని కలిగిస్తుంది. 1856లో రాజ్యం పోగొట్టుకొన్న అవధ్ నవాబు వాజిద్ ఆలీషా అక్కడి మటియాబుర్జులో చేరి, 1887లో మరణించే వరకు సంగీత నృత్యాలతో, కవిగోష్ఠులతో మరొక లక్నోను నిలుపుకొన్నాడు. ఈ రెండు చరిత్రలకును గ్రంథకర్తలు లభించారు. అదే నది ఒడ్డున, దాదాపు అదే కాలంలో, మూడవ చరిత్ర ఒకటి జరిగింది. అది చంకలో ఒక బిడ్డను, వేలు పట్టుకొన్న మరొక బిడ్డను తీసుకొని ఓడ యెక్కిన తల్లుల చరిత్ర.  ఒడంబడికలలోని నిబంధనలలోను, ఓడల పట్టీలలోను అది చెదరి ఉన్నది.

కలకత్తాకు నైరుతి దిక్కున ఖిదిర్‌పూర్ దాటిన పిమ్మట, హుగ్లీనదికి ఆవలి గట్టున ఉన్న శిబ్‌పూర్ వృక్షోద్యానానికి ఎదురుగా, ఈ ప్రాంతం విస్తరించి ఉన్నది. కుంపిణీ కాలంలో తెల్లదొరలు కట్టుకొన్న తోట బంగళాల వల్లనే దీనికి ఆ పేరు వచ్చింది. బ్రిటిష్ వలసరాజ్యాలలో బానిసత్వం రద్దయిన తరువాత చెరకుతోటల యజమానులకు కూలీలు కావలసివచ్చారు. 1834లో మారిషస్సుకు, 1838లో బ్రిటిష్ గయానాకు, 1845లో ట్రినిడాడుకు, 1873లో డచ్చివారి సూరినాముకు, 1879లో ఫిజీకి ఒడంబడిక కూలీలు చేరసాగారు. 1917లో ఈ పద్ధతి ఆగిపోయేనాటికి మారిషస్సుకు సుమారు 4,50,000, బ్రిటిష్ గయానాకు 2,38,000, ట్రినిడాడుకు 1,40,000, ఫిజీకి 60,000, సూరినాముకు 34,000 మంది తరలిపోయారు. వీరిలో అధిక సంఖ్యాకులు కలకత్తా రేవునుండి వెళ్ళినవారే. ఓడ సిద్ధమయ్యే వరకు వారిని ఉంచడానికి ఆయా వలసరాజ్యాలవారు డిపోలు ఏర్పరచుకొన్నారు. గార్డెన్ రీచ్ ఒడ్డు వాటికి ముఖ్యస్థానమైనది. నేటికీ అక్కడ ఒక రేవుమెట్టును సూరినామ్ ఘాట్ అనే పిలుస్తారు.

డిపోలో ప్రవేశించినవారందరూ కుటుంబాలతో వచ్చినవారు కారు. పలువురు ఒంటరి పురుషులు. స్త్రీలలో కూడ భర్త పోయినవారు, ఇల్లు విడిచి వచ్చినవారు, కరవులో దిక్కు తోచక బయలుదేరినవారు కలరు. నూరుగురు పురుషులకు నలుబదిమంది స్త్రీలు ఉండాలని ప్రభుత్వం విధించిన నియమం వల్ల, ఆ లెక్క నిండే వరకు ఓడ కదిలేది కాదు. స్త్రీ ఆ విధంగా సంఖ్యాపూరణకు అవసరమైనది. ఆమె వెంట ఉన్న పిల్లలు ఆ సంఖ్యకు అంటివచ్చిన భారమైనారు. అయినప్పటికీ ఆ ప్రహరీగోడల మధ్యనే కొత్త కుటుంబాలు కూడ ఏర్పడినాయి. కులమూ ఊరూ వేరైన స్త్రీపురుషులు అక్కడ దంపతులుగా నమోదైనారు. అన్నగాని తమ్ముడుగాని లేనివారికి ఒకే ఓడలో ప్రయాణించినవారే తోబుట్టువులైనారు. ఉత్తర హిందూస్థానంవారు ఈ బంధుత్వాన్ని ‘జహాజీ భాయి’ అన్నారు. పిల్లలకు ఆ ‘ఓడ అన్న’ దగ్గరి బంధువు వరుస అయ్యేవాడు. తోటలలో రెండు మూడు తరాల వరకు అటువంటి కుటుంబాల మధ్య వివాహసంబంధాలు కూడదనుకొనేవారు. రక్తసంబంధం లేని చోట వరుసలు కల్పించుకొని, ఆ వరుసలకు కట్టుబడి నడచుకొన్న ఈ జనులు కుటుంబధర్మాన్ని విడిచిపోయినవారని చెప్పడం న్యాయం కాదు.

ఓడ యెక్కిన తరువాత బిడ్డ స్థానాన్ని గణితం నిర్ణయించేది. ఓడలో ఎందరిని ఎక్కించవచ్చునో చెప్పే చట్టం ప్రకారం ఏడాది దాటి పదేండ్ల లోపు వయసు గల బిడ్డ అర మనిషి. ఏడాది నిండని శిశువు లెక్కలోనే లేదు. పెద్దవారిలో ఒకరికి ఇచ్చే జాగాలో ఇద్దరు బిడ్డలు ఇమడాలి. అడుగుఅంతస్తులో ఒంటరి పురుషులను ముందువైపున, ఒంటరి స్త్రీలను వెనుకవైపున, సంసారులను నడుమను ఉంచేవారు. తెరచాప ఓడలలో కరేబియన్ దీవులకు ఇంచుమించు మూడు నెలలు, ఫిజీకి రెండున్నర నెలలు పట్టేది. తట్టు, విరేచనాలు, కలరా ప్రవేశించినప్పుడు మొదట రాలిపోయేది ఈ అర మనుషులూ, లెక్కకు రాని శిశువులే. 1856-57లో కలకత్తానుండి కరేబియన్ దీవులకు పోయిన ఓడలలో సగటున నూటికి 17 మంది మరణించారు. బాలింతకు పాలు లేకపోతే, జ్వరపడిన బిడ్డకు పథ్యం కావలసివస్తే, ఆ నడిసముద్రంలో ఓడ వైద్యుని దయ తప్ప మరొక ఆధారం లేదు.

తోటలలోని సంసారం ఎట్టిదో తెలుసుకోవడానికి ఫిజీ ఒడంబడిక పత్రం చాలును. ‘అగ్రిమెంటు’ అనే మాట జనుల నాలుకపై ‘గిర్మిట్’ అయినది. ఆ కూలీలు గిర్మిటియాలైనారు. పురుషునికి రోజుకు 12 అణాలు, స్త్రీకి 9 అణాలు కూలి. పదునైదేండ్ల లోపువారికి చేసిన పనినిబట్టి. వచ్చిన మొదటి సంవత్సరం అయిదు మొదలు పన్నెండేండ్ల లోపు బిడ్డకు సగం బత్తెం. అయిదేండ్లవరకు గల బిడ్డకు దినానికి తొమ్మిది ఛటాకుల పాలు. శేరుకు పదహారు ఛటాకులు కనుక అది అరశేరుకు కొంచెం ఎక్కువ. మొదటి సంవత్సరం గడిచిన పిమ్మట ఆ పాలు తల్లిదండ్రులే కొనుక్కోవాలి. నివాసానికి పొడవైన పాకలో పది అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు గల ఒక గది. ఆ గదిలో ముగ్గురు ఒంటరి పురుషులైనా ఉండాలి, భార్యాభర్తలు ఇద్దరు బిడ్డలతోనైనా ఉండాలి. వంట, నిద్ర, పురుడు, జ్వరం సమస్తమూ ఆ డెబ్బది చదరపుటడుగులలోనే.

ఇద్దరు చిన్నబిడ్డలు గల తల్లి దినచర్యను ఈ అంకెలనుండి ఊహించడం కష్టం కాదు. తెల్లవారకముందే లేచి రొట్టెలో అన్నమో వండి, మధ్యాహ్నానికి మూట కట్టుకొని, పిల్లలలో చిన్నదానిని కనిపెట్టి ఉండే ముసలిదానికి అప్పగించి పొలానికి పోవాలి. పనికి రాకపోతే కూలి పోవడమే కాదు, శిక్ష కూడ పడవచ్చు. ఒడంబడిక ఉల్లంఘన ఆ రోజులలో నేరమైనది. అందువల్ల బిడ్డకు జబ్బు చేసిన దినం ఆ తల్లికి రెండు భయాలు: ఒకటి బిడ్డను గూర్చి, రెండవది సర్దారును గూర్చి.

తెలుగువారికి ఈ కథ పరాయిది కాదు. కొరంగి రేవు పేరుమీదుగా మారిషస్సులోని తెలుగువారిని కొరింగీలు అని పిలిచారు. 1860లో మద్రాసునుండి ట్రూరో ఓడ మీద నేటాలు చేరినవారిలోను, తరువాత 1911 వరకు వెళ్ళినవారిలోను తెలుగు కుటుంబాలు పెక్కు. 1903నుండి ఫిజీకి మద్రాసు రేవుగుండా 15,000 మందికి పైగా తెలుగు, తమిళ, మలయాళ ప్రజలు వెళ్ళారు. వారి పిల్లలకు తోటలలో వాడుకైన భాష ఉత్తరదేశపు హిందుస్థానీ. అమ్మ తెలుగులో పిలిస్తే బిడ్డ హిందుస్థానీలో పలికే ఇండ్లు వెలసినాయి. ఫిజీలో 1926లో దక్షిణాదివారు సంగం స్థాపించి బడులు పెట్టడానికీ, దక్షిణాఫ్రికాలో 1931లో ఆంధ్ర మహాసభ వెలయడానికీ మూలం ఈ గృహసమస్యయే. తల్లిభాష తనతోనే అంతరిస్తుందేమో అని తల్లిదండ్రులు బెంగపడినారు.

ఇక తిరుగు ప్రయాణం. పదేండ్లు వలసరాజ్యంలో గడిపిన ఫిజీ కూలీకి ఉచితంగా స్వదేశం చేరే హక్కు ఉన్నది. అక్కడ పుట్టిన బిడ్డకు పన్నెండేండ్లు నిండే వరకు మాత్రమే ఆ హక్కు వర్తిస్తుంది. ఈ రెండు నియమాలను పక్కపక్కన ఉంచి చూస్తే వాటి కాఠిన్యం బోధపడుతుంది. వచ్చిన మరుసటి ఏడు పుట్టిన పెద్దబిడ్డకు, తండ్రి హక్కు పండేనాటికి తొమ్మిదేండ్లు. అంటే మరి మూడేండ్లలో ఆ సంసారం ఒక నిర్ణయానికి రావాలి. కడుపులో ఒకరు, చంకలో ఒకరు ఉన్నా, పంట చేతికి రాకపోయినా, గడువు ఆగదు. పెద్దవాడు పన్నెండు దాటితే వాని ఓడకూలి తండ్రి పెట్టుకోవాలి, లేదా వానిని విడిచి రావాలి. అందుచేత పలువురు ఆగిపోయినారు. సుమారు 24,000 మంది ఫిజీనుండి తిరిగివచ్చారు.

వచ్చినవారు దిగినది ఎక్కిన ఒడ్డుననే. ఊళ్ళకు పోయినవారికి అక్కడ చోటు దొరకడం దుర్లభమైనది. సముద్రం దాటినందుకు ప్రాయశ్చిత్తం, కులభోజనాలు, బంధువుల అప్పులు మొదలైనవాటిలో కూడబెట్టిన సొమ్ము కరిగిపోయేది. కులాంతరంగా పెండ్లాడిన దంపతుల బిడ్డలను ఏ పంక్తిలో కూర్చుండబెట్టాలో ఊరివారికి తోచలేదు. పిల్లలకు తాత ఊరి యాస తెలియదు. మలేరియాకు వారి దేహాలు ఓర్వలేదు. అందుచేత ఎన్నో కుటుంబాలు మళ్ళీ మటియాబుర్జు చేరి, బస్తీ గుడిసెలలో అద్దెకుండి, తాము విడిచివచ్చిన తోటకే మరల చేర్చే ఓడకోసం రేవు చుట్టూ తిరిగినాయి. 1921లో కొందరికి ఫిజీకి పోయే ఓడలో చోటు దొరికింది. దొరకనివారు సంవత్సరాల తరబడి అక్కడనే మగ్గిపోయినారు. 1926లో గాంధీజీ ‘యంగ్ ఇండియా’లో వీరి దురవస్థను గూర్చి వ్రాశారు. 1931లో భవానీదయాళ్ సన్యాసి, బనారసీదాస్ చతుర్వేది ఈ సమస్యను పరిశీలించి ఒక నివేదిక ప్రకటించారు.

ఆ నివేదికకు ముఖ్యకారణం దక్షిణాఫ్రికా. 1927 నాటి కేప్‌టౌన్ ఒప్పందం ప్రకారం, దేశం విడిచిపోయే భారతీయులలో పెద్దవారికి 20 పౌనులు, పదహారేండ్ల లోపు బిడ్డకు 10 పౌనులు బహుమానం. ఇక్కడ కూడ బిడ్డ అర మనిషియే. పిల్లలు ఎక్కువగా గల పేదకుటుంబానికి ఈ మొత్తం కన్నులు మిరుమిట్లు గొలిపేది. నలుగురు బిడ్డలు గల దంపతులకు 80 పౌనులు! ఏ సంసారానికి బరువెక్కువో ఆ సంసారానికే ఆశ ఎక్కువ. ఈ పథకం క్రింద మద్రాసు రేవులో దిగినవారిలో తమిళులతోబాటు తెలుగువారు కూడ ఉన్నారు. శ్రీనివాసశాస్త్రి దక్షిణాఫ్రికాలో భారతప్రభుత్వ ప్రతినిధిగా ఉన్న తరువాత 1929లో ఆ పదవికి వెళ్ళినవారు ఆంధ్రులైన కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారు. తిరిగివచ్చినవారిలో గణనీయమైన భాగం ఆఫ్రికాలో పుట్టినవారు. వారిని ‘స్వదేశానికి పంపుట’ అని పత్రాలలో వ్రాశారు. నేటాలులో పుట్టి, అక్కడ నడక నేర్చిన ఆరేండ్ల బిడ్డకు గోదావరి జిల్లా ఏ విధంగా స్వదేశమవుతుంది? తల్లిదండ్రులు ఇంటికి వచ్చిన దినమే పిల్లలు ఇల్లు విడిచిపోయినారు. తల్లిదండ్రులు అనుభవించిన ప్రవాసాన్ని పిల్లలు తిరుగుదిశలో అనుభవించారు.

ఈ విషయాన్ని అప్పటి రాజకీయవాదులు గుర్తించడం ఆలస్యమైనది. ఒడంబడిక కూలీని బంధవిముక్తుని చేసి స్వదేశం చేర్చడమే న్యాయమని జాతీయోద్యమం భావించింది. ఆ భావంలో తప్పు లేదు. అయితే ఆ న్యాయం ఒంటరి పురుషుని దృష్టిలో ఉంచుకొని ఏర్పడినది. పదేండ్లలో అతడు భర్త అయినాడు, తండ్రి అయినాడు. అతని కొంపలో మరొక నేల గాలిని పీల్చి పెరిగిన నలుగురు ఉన్నారు. వారిని అడగవలెనని తోటయజమానికి తోచలేదు. దేశభక్తునికీ మొదట తోచలేదు. మటియాబుర్జు గుడిసెలలో పడియున్న బిడ్డలను చూచిన తరువాతనే ఆ ప్రశ్న దేశం ముందుకు వచ్చింది.

బ్రిటిష్ గయానానుండి తిరుగుప్రయాణికులను తెచ్చిన కడపటి ఓడ 1955లో కలకత్తా చేరింది. 2015లో సూరినామ్ ఘాట్ వద్ద ‘మాయీ బాప్’ అనే విగ్రహాలను ఆవిష్కరించారు. పరామరిబోలో ఉన్న విగ్రహాలకు అవి ప్రతిరూపాలు: ఒక పురుషుడు, ఒక స్త్రీ, వారి వెంట ఒక చిన్న మూట. ఆ దంపతులను ‘అమ్మ’ అనీ ‘అయ్య’ అనీ పిలిచినది ఎవరో విచారిస్తే, ఆ పేరు పెట్టినవారు వారి సంతానమే. ఫిజీలో, సూరినాములో, గయానాలో, మారిషస్సులో, నేటాలులో నేడున్న లక్షలాది ప్రజలు, ఒకనాడు ఓడలో సగం జాగాకు, పాకలో సగం బత్తెానికి నోచుకొన్న ఆ అర మనుషుల మనుమలు. వారు తాతముత్తాతల పేర్లకోసం పాత వలసపట్టీలు వెదకుతున్నారు. ఆ పట్టీలలో పెద్దవారి పేరు, ఊరు, కులం, వయసు ఉన్నాయి. వాటి ప్రక్కనే చిన్న అక్షరాలలో ఉన్న బిడ్డ పేరును కూడ చదివినప్పుడే గార్డెన్ రీచ్ చరిత్ర సమగ్రమవుతుంది.